అగ్గిపెట్టె స్కానర్: పదేళ్లు దాటిన కారుకి పనికొచ్చేదెంత?

ఐదారు వందల్లో దొరికే, బండి కంప్యూటర్‌తో మాట్లాడే నీలం రంగు బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పాత కారుకి కొనొచ్చా అంటే, కొనొచ్చు. కాకపోతే కొన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని వాడేది రెండింటికే: చెక్ ఇంజిన్ లైటు కోడ్ చదవడానికి, ఆ కోడ్ చెరిపేయడానికి. అది చేయగల పనుల్లో తక్కువ విలువైనవి ఈ రెండే. అసలు సరుకు లైవ్ డేటా పేజీలో ఉంది. కూలెంట్ ఎంత వేడిగా ఉంది, ఇంజిన్ ఎంత పెట్రోలు అదనంగా అడుగుతోంది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్‌పీఎం కనిపిస్తోందా లేదా అన్నవి చదవడం వస్తే, షెడ్డుకి వెళ్లేముందే బండి జబ్బు సగం తెలిసిపోతుంది. చదవడం రాకపోతే అది కోడ్‌కో పార్టు చొప్పున డబ్బు ఖర్చు పెట్టించే యంత్రం.

కొనేముందు టార్చి పట్టుకుని స్టీరింగ్ కింద ఉన్న పోర్టు చూడండి. వెడల్పాటి వరస పైకి ఉన్నట్టు చూస్తే ఎడమ నుంచి కుడికి పైవరస 1 నుంచి 8, కిందివరస 9 నుంచి 16. గుంతలన్నిట్లో లోహం ఉండదు. 16లో బ్యాటరీ ప్లస్, 4, 5ల్లో ఎర్తు దాదాపు అన్ని బండ్లకూ ఉంటాయి. 6, 14 గుంతల్లో పిన్నులుంటే ఆ బండి మాట్లాడేది క్యాన్ భాష, ఇబ్బంది లేదు. అవి లేకుండా 7లో ఉంటే పాత కే-లైన్. స్కానర్ కొంచెం మంచిదైతే పలుకుతుంది. ఈ మూడూ ఖాళీగా ఉంటే డబ్బు దండగ. 2010కి ముందు మారుతిల్లో పోర్టు ఉండి కూడా ఈ స్కానర్లకి పలకనివి చాలా ఉన్నాయి, కంపెనీ సొంత భాష వేరే పిన్ను మీద నడుస్తుంది కాబట్టి. మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి అయ్యింది 2013 ఏప్రిల్ నుంచి. ఆ తర్వాతి బండి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. 2010–13 మధ్యవి చూసి కొనాలి.

పెట్టె మీద వెర్షన్ 1.5 అనో 2.1 అనో రాసి ఉంటుంది. కెనడాకి చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఈఎల్‌ఎం327 అనే చిప్పుకి ఇవన్నీ నకళ్లే. ఆ కంపెనీ మొదటి వెర్షన్‌కి కాపీ కాకుండా తాళం వేయలేదు, అక్కడి నుంచి నకళ్లు పుట్టుకొచ్చాయి. 2022లో అసలు కంపెనీయే మూతపడింది. తమాషా ఏంటంటే 1.5 అనే వెర్షన్‌ని ఆ కంపెనీ ఎప్పుడూ విడుదల చేయలేదు. అయినా నకళ్లలో 1.5 అని రాసినవే సాధారణంగా నయం. 2.1 అని రాసిన చవక వాటిల్లో చాలావరకు కొన్ని ఆదేశాలు కోసేసి ఉంటాయి, పాత కే-లైన్ బండ్ల దగ్గర ఆ లోపం బయటపడుతుంది. రిటర్న్ తీసుకునే చోటే కొనండి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి జత చేసేటప్పుడు పిన్ అడిగితే 1234, లేదా 0000. ఐఫోన్‌కి ఈ మామూలు బ్లూటూత్ రకం కనిపించదు, వైఫై రకం గానీ బ్లూటూత్ 4.0 రకం గానీ తీసుకోవాలి. యాప్ విషయానికొస్తే టార్క్, కార్ స్కానర్ రెండూ సరిపోతాయి. ఉచితంగా వచ్చేదానితోనే ఇక్కడ చెప్పబోయే పనులన్నీ అవుతాయి.

ఇక కూలెంట్ వేడి. ఈ ఒక్క అంకె కోసమే స్కానర్ కొన్నా తప్పులేదు. ఇప్పుడు రోడ్డు మీదున్న చిన్న కార్లలో చాలావాటికి టెంపరేచర్ ముల్లు లేదు, ఎర్ర లైటు ఒక్కటే. అది వెలిగేసరికి ఇంజిన్‌కి జరగాల్సిన నష్టం మొదలైపోయి ఉంటుంది. ముల్లున్న బండ్లలోనూ అది మామూలు పరిధి అంతటా నడిమధ్యే నిలబడేలా చేస్తారు, చిన్న మార్పులు కంటికి ఆనవు. స్కానర్‌లో అయితే డిగ్రీ డిగ్రీ కనిపిస్తుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లలో, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్ 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. నడుస్తున్న బండిలో 85–95, ట్రాఫిక్‌లో 95–100 దాకా ఎక్కి ఫ్యాన్ తిరగ్గానే దిగడం మామూలు. ఏది ఎప్పుడు ఎక్కుతోందన్నదాన్ని బట్టే జబ్బు తేలిపోతుంది.

అమీర్‌పేట సిగ్నల్లో ఏసీతో నిలబడితే 105 దాటి, బండి కదలగానే దిగిపోతోందా? గాలి తగలట్లేదని అర్థం. ముందు ఫ్యాన్ చూడాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి, కంప్రెషర్ పట్టగానే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, తర్వాత రిలే. ఫ్యూజ్ బాక్సులో అదే నంబరున్న రిలే ఇంకోటి, తరచూ హారన్‌ది, దొరుకుతుంది. దాన్ని మార్చి పెట్టి చూస్తే పైసా ఖర్చు లేకుండా తేలుతుంది. అదీ కాకపోతే ఇంజిన్ ఆపి, ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పుడూ తిరగక, మోటారు వెనక చిన్నగా తడితే తిరగడం మొదలుపెట్టిందంటే లోపల కార్బన్ బ్రష్షులు అరిగాయి. ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే రేడియేటర్‌కీ ఏసీ కండెన్సర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూడండి. పదేళ్లు దుమ్ములో తిరిగిన బండికి అక్కడ మందపాటి పొరలాగా మట్టి పేరుకుంటుంది. పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ పంపు దగ్గరగా పెడితే రెక్కలు వంగి ఉన్న గాలీ ఆగిపోతుంది.

ఉల్టా అయితే, అంటే ట్రాఫిక్‌లో బాగానే ఉండి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 100 స్పీడులో ఎక్కుతుంటే, గాలికి కొదవ లేదు, నీళ్లే తిరగట్లేదు. రేడియేటర్ లోపల పూడుకుపోయిందా, వాటర్ పంపు రెక్కలు అరిగాయా, కిందిగొట్టం పీల్చుకుపోతోందా అన్న వరసలో చూడాలి. రేడియేటర్ పూడటానికి ఇక్కడ ప్రత్యేకమైన కారణం బోరు నీళ్లు. ఈ నీళ్లలో సున్నం ఎక్కువ, బకెట్టుకి అంటుకునే తెల్లటి పొరే రేడియేటర్ ట్యూబుల్లోనూ అంటుతుంది. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు కలిపిన బండికి కూలెంట్ పోశాం అనుకోవడం భ్రమ. గాఢ కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, రెడీమిక్స్ అయితే ఏమీ కలపకుండా పోయాలి. చిన్న కార్లకి సుమారు 4 లీటర్లు పడుతుంది. పోశాక క్యాపు తీసి ఉంచి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిలింగ్‌లో ఉంచితే గాలి బుడగలు పోతాయి. బుడగ మిగిలితే స్కానర్‌లో అంకె 90 నుంచి 102కి, మళ్లీ 88కి గంతులేస్తుంది. ఇవన్నీ చల్లటి బండితో మొదలుపెట్టే పనులు. వేడి మీద క్యాపు తిప్పితే ఎగజిమ్మేది మరిగే నీళ్లు.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు. ఓఆర్‌ఆర్ మీద 80లో పోతుంటే 68, 70 డిగ్రీలు. "వాల్వ్ తీసేద్దాం సార్, ఇంజన్ సల్లగుంటది" అని ఎప్పుడో ఎవరో తీసేసి ఉంటారు, లేదా వాల్వ్ తెరిచే ఉండిపోయింది. చల్లగా ఉండటం ఇంజిన్‌కి మేలు కాదు. ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజి పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ హద్దు దాటుతుంది. ఆ హద్దు బీఎస్-4 పెట్రోల్ బండికి 0.3 శాతం. కొత్త థర్మోస్టాట్, రబ్బరు రింగు, కూలెంట్ కలిపినా పెద్ద ఖర్చు కాదు. వాల్వ్ తీసేయాలని సలహా ఇచ్చే షెడ్డుకి ఆ తర్వాత వేరే పనికీ వెళ్లక్కర్లేదు.

సెన్సర్ నిజం చెబుతోందో లేదో కూడా స్కానర్‌తోనే తేల్చొచ్చు. రాత్రంతా నిలబడ్డ బండిని పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి చూడండి. కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి రెండూ మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. కూలెంట్ మైనస్ 40 చూపిస్తే వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. 130 పైన చూపిస్తే ఎక్కడో ఎర్తు తగులుతోంది. అప్పుడే ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ అంకె కూడా చూసేయండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది కాబట్టి ఇక్కడ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది 95 కిలోపాస్కల్స్ చుట్టుపక్కల ఉండాలి. విదేశీ వీడియోల్లో 101 అని చెబుతారు, అది సముద్రపు ఒడ్డు లెక్క. దాన్ని నమ్మి బాగున్న సెన్సర్ని మార్చకండి. ఐడిలింగ్‌లో అదే అంకె 25–40 మధ్యకి దిగాలి.

వోల్టేజి దగ్గర మాత్రం ఈ స్కానర్‌ని పూర్తిగా నమ్మొద్దు. 0.2, 0.3 వోల్టుల తేడా మామూలుగానే వస్తుంది, మూడు వందల మల్టీమీటరే నయం. నిలబడ్డ బ్యాటరీ 12.6 అంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. స్టార్ట్ అయ్యాక లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసినా 13.5 పైన నిలబడాలి. 13 దగ్గరే ఆగిపోతే బెల్టు జారుతోంది, లేదా డైనమో బ్రష్షులు అరిగాయి. పాత బండ్లలో ఎక్కువసార్లు దొంగ దొరికేది ఎర్తు దగ్గర. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజిన్ మీద రంగులేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఆ ఎర్తు కేబుల్ విప్పి, రెండు కొసలూ ఎమరీ కాగితంతో రుద్ది బిగించాలి. ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు కోడ్లు ఒక్కసారిగా కనిపించాయంటే, అందులో ఏ సెన్సర్నీ కొనకముందు చేయాల్సిన పని ఇదే.

పీ0171, అంటే పెట్రోలు చాలట్లేదన్న కోడ్, పాత బండ్లలో తరచూ కనిపిస్తుంది. షెడ్డులో చాలాసార్లు ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. సెన్సర్ నిజమే చెబుతుంటే దాన్ని మార్చి లాభమేంటి? మామూలు లెక్క కంటే పెట్రోలు ఎంత శాతం ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అనే రెండు అంకెలు, షార్ట్, లాంగ్, కలిపి చూడాలి. మొత్తం ప్లస్ మైనస్ 10 లోపుంటే గొడవ లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర ప్లస్ 5కి దిగిపోతే ఎక్కడో గాలి లాగుతోంది. ఐడిలింగ్‌లో మామూలుగా ఉండి ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే ఫిల్టరో, పంపో, ఇంజెక్టర్లో పెట్రోలు సరిగా ఇవ్వట్లేదు. గాలి లాగే చోటు పట్టుకోవడానికి వేడి ఇంజిన్ మీద స్ప్రేలు కొట్టడం నిప్పుతో చెలగాటం. దానికంటే వ్యాక్యూమ్ గొట్టాలని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో ఒక్కొక్కటే నొక్కుతూ ఫోన్‌లో ట్రిమ్ చూడండి. ఏది నొక్కితే అంకె గబుక్కున పడిపోయిందో దొంగ అదే. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి లోపలికే పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం ముందు చూడాల్సినవి. ఏదీ పలకకపోతే మిగిలేది మ్యానిఫోల్డ్ గాస్కెట్.

ఇక్కడే ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సంగతి. ఇథనాల్ ఉన్న పెట్రోలు అదే గాలికి కాస్త ఎక్కువ పోయాల్సి వస్తుంది, ఈ10కి తయారైన బండిలో లాంగ్ ట్రిమ్ నాలుగైదు శాతం ప్లస్‌లోకి జరగడం సహజం. అంతకంటే పాతదైతే ఇంకొంచెం. దాన్ని రోగం అనుకోవద్దు. కాకపోతే ముందే 12 దగ్గరున్న బండి ఆ నాలుగైదుతో కోడ్ హద్దుకి దగ్గరవుతుంది. అప్పుడు తప్పు పెట్రోలుది ఒక్కదానిదే కాదు, పాత గాలి లీకు బయటపడింది.

మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం విషయంలో స్కానర్ బాగా పనికొస్తుంది. పీ0302 అంటే రెండో సిలిండర్. ప్లగ్ మీదే కాయిల్ ఉండే ఇంజిన్ అయితే రెండో కాయిల్‌ని మూడోదానికి మార్చి పెట్టి నడపండి. కోడ్ 0303కి మారితే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గుతో అదే ఆట, తర్వాత ఇంజెక్టర్, ఆఖరుకి కంప్రెషన్. కాయిల్ తీసినప్పుడు ప్లగ్ గుంతలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ వేయకుండా కొత్త కాయిల్ వేయడం వృథా, కొన్నాళ్లకి అదీ పోతుంది.

ఎండాకాలం మధ్యాహ్నం బండి ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే రోగానికి చాలామంది పెట్రోల్ పంపు మార్పించుకుంటారు. ఆగిన వెంటనే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. 150–300 మధ్య ఏదో ఒక అంకె రావాలి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నానే ఉంటే అనుమానం ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీద, దాని వైరు మీద. పంపు మీద కాదు. ఒక్క చిక్కు: బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు ఈ చవక స్కానర్ లింకు తెగిపోతుంది. ఆ సున్నాని క్రాంక్ సెన్సర్ సున్నా అనుకోకూడదు. లింకు నిలబడిందని వేరే అంకెలు కదలడం చూసి ఖాయం చేసుకోవాలి.

పీ0420 వస్తే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలని చెబుతారు. ముందు మిస్సింగ్ లేదని, సైలెన్సర్ జాయింట్లలో లీకు లేదని, ఇంజిన్ ఆయిల్ తాగట్లేదని తేల్చుకోండి. మిస్సింగ్, ఆయిల్ కొత్త కన్వర్టర్‌ని కూడా చంపుతాయి, లీకు ఉంటే బాగున్న కన్వర్టర్‌కే ఆ కోడ్ పడొచ్చు.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఏసీ గ్యాసు, క్లచ్, సస్పెన్షన్ చప్పుళ్లు, వీటిలో ఏదీ దీని పరిధిలోకి రాదు. పాత బండి ఫిర్యాదుల్లో చాలా అవే అని గుర్తుంచుకుని కొనాలి. కోడ్ చెరిపే మీట చేతికి అందుబాటులో ఉండటం దీని గుణమా దోషమా అంటే దోషమనే చెప్పాలి. చెరిపేస్తే కోడ్‌తో పాటు అది పడిన క్షణంలో వేడి, స్పీడు, లోడు ఎంతున్నాయో దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. మెకానిక్‌కి కావాల్సిన సాక్ష్యమే అది. ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే చెరపడం. ఇంకో దోషం, పోర్టులోనే వదిలేస్తే బండి ఆపాక కూడా కరెంటు తాగుతుంది. 40 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకి దాదాపు ఒక ఆంపియర్ అవర్. బండి సొంత వాడకం దానికి అదనం. 35 ఆంపియర్ అవర్ల పాత బ్యాటరీతో సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లొచ్చేసరికి సెల్ఫ్ టిక్కుమని ఊరుకుంటుంది. పని అవగానే పీకేయండి, నిటారుగా. పక్కకి ఊపితే పోర్టు పిన్నులు వదులవుతాయి.

స్కానర్ చూపించినదాన్ని బట్టి పార్టు కొనాల్సి వస్తే సికింద్రాబాద్‌లో రాణిగంజ్ ఉంది, ఆదివారం తప్పించి వెళ్లండి. పాత పార్టు చేతిలో, ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు ఫోన్‌లో ఉండాలి. ఒకే మోడల్లో ఏడాది మారితే క్రాంక్ సెన్సర్ కనెక్టరే మారిపోవచ్చు, "మీదేం బండి" అన్న ప్రశ్నకి పేరు చెబితే చాలదు. ఎలక్ట్రికల్ సామాను సాధారణంగా వాపస్ తీసుకోరు. అందుకే సెన్సర్ కొనేముందు ఇంట్లో ఇంకో పని చేయండి: ఇంజిన్ నడుస్తుండగా, బెల్టుకీ ఫ్యాన్‌కీ చేయి దూరంగా ఉంచి, అనుమానమున్న సెన్సర్ వైరుని మెల్లగా కదుపుతూ ఫోన్‌లో అంకె చూడండి. అంకె ఎగిరిపడితే కావాల్సింది సెన్సర్ కాదు, కొత్త కనెక్టరు, దానితో పాటు జానెడు వైరు.